రాజీనామా లేఖలో కారణం ఉండదు, సీటు లెక్కలో ఉంటుంది

2025 జనవరి 24 సాయంత్రం వైసీపీ రాజ్యసభ సభ్యుడు వేణుంబాక విజయసాయి రెడ్డి ఎక్స్‌లో పెట్టిన పోస్టు తెలుగు ఛానెళ్లకు రోజుల తరబడి మేత అయింది. రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని, మర్నాడే రాజ్యసభ సభ్యత్వం వదులుకుంటానని, ఏ పార్టీలోనూ చేరనని, పదవో డబ్బో ఆశించి చేస్తున్న పని కాదని, ఒత్తిళ్లేమీ లేవని, ఇకపై తన భవిష్యత్తు వ్యవసాయమేనని ఆయన రాశారు. పార్టీ అధ్యక్షుడు జగన్ అప్పటికి లండన్‌లో ఉన్నారు. చెప్పినట్టే 25న ఢిల్లీలో అప్పటి ఉపరాష్ట్రపతి, రాజ్యసభ ఛైర్మన్ జగదీప్ ధన్‌ఖడ్‌ను కలిసి లేఖ ఇచ్చారు. అదే రోజు ఆమోదం కూడా వచ్చేసింది. అప్పటికి ఆయన పదవీకాలం ఇంకా మూడేళ్ల ఐదు నెలలు మిగిలి ఉంది.

ఇక చర్చలు. కేసుల భయమా, అధినేతతో చెడిందా, ఢిల్లీలో ఎవరైనా మాట ఇచ్చారా, ఏదైనా రాష్ట్రానికి గవర్నర్‌గా పంపుతారా? ఏ ఒక్కదానికీ బయటివాళ్ల దగ్గర ఆధారం ఉండదు. ఒక మనిషి పదవి ఎందుకు వదిలాడో అతని మనసుకు తెలియాలి. ఆ పదవి ఎవరి చేతికి వెళుతుందో మాత్రం కాగితం, పెన్సిల్ ఉన్న ఎవరైనా ముందే లెక్కగట్టొచ్చు. అనూహ్య రాజీనామాలన్నిటికీ పనికొచ్చే పద్ధతి అది. చర్చల్లో దాని ఊసే తక్కువ.

ముందు లేఖ సంగతి. టీవీ తెరల మీద చదివి, పదం పదం విప్పి చూపించేది అసలు రాజీనామా లేఖ కాదు. అది సోషల్ మీడియా పోస్టో, పార్టీ అధ్యక్షుడికి రాసిన ఉత్తరమో అయి ఉంటుంది. సభకు ఇచ్చే లేఖకు ఒక నమూనా ఉంది. మనవాళ్లు ‘స్పీకర్ ఫార్మాట్’ అనేది దాన్నే. ఫలానా తేదీ నుంచి సభలో నా స్థానానికి రాజీనామా చేస్తున్నాను అన్న ఒక్క వాక్యం, కింద సంతకం, తేదీ. అంతే. లోక్‌సభ నియమావళిలోని 240వ నిబంధన ఇంకో అడుగు ముందుకేసి, లేఖలో కారణం రాయకూడదనే చెబుతుంది. ఎవరైనా ఆవేశపడి రాసినా ఆ భాగాన్ని తీసేసే అధికారం స్పీకర్‌కు ఉంది. దాన్ని సభలో చదవరు. అంటే సభ లెక్కలోకి తీసుకునే లేఖలో కారణం ఉండదు, రాసినా దానికి సభలో విలువ లేదు. ‘ప్రజల కోసం, ప్రాంతం కోసం’ అంటూ నాలుగు పేజీలు రాసి విలేకరులకు పంచిన నాయకుడు ఫార్మాట్‌లో ఇచ్చాడా లేదా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఇవ్వకపోతే అది ప్రకటన మాత్రమే, రాజీనామా కాదు.

ఉపరాష్ట్రపతి పదవికి ఈ బాధ లేదు. ఆరు నెలల తర్వాత, 2025 జులై 21న, వర్షాకాల సమావేశాల తొలి రోజునే ధన్‌ఖడ్ స్వయంగా రాజీనామా చేసినప్పుడు లేఖలో ఆరోగ్య కారణం రాశారు, 67(ఎ) అధికరణను ఉదహరించారు. ఆ పదవికి రాష్ట్రపతిని ఉద్దేశించి సంతకం చేసిన లేఖ ఉంటే చాలు. ఇష్టపూర్వకమేనా అని విచారించే ఘట్టం అందులో ఉండదు. ఇంకో తేడా, ఆ ఖాళీలో గెలిచినవారికి మిగిలిన కాలం కాదు, పూర్తి అయిదేళ్లూ దక్కుతాయి. సెప్టెంబరు 9న జస్టిస్ సుదర్శన్ రెడ్డి మీద 452–300 ఓట్లతో గెలిచిన సి.పి. రాధాకృష్ణన్‌కు అలాగే దక్కాయి.

ఆమోదం అనే తాళం

ఎంపీ, ఎమ్మెల్యే పదవులకు ఆ ఘట్టం ఉంది. కథంతా తిరిగేది అక్కడే. 1974లో వచ్చిన 33వ రాజ్యాంగ సవరణ 101, 190 అధికరణల్లో ఒక షరతు చేర్చింది. రాజీనామా ఇష్టపూర్వకంగా చేసింది కాదనో, నిజమైనది కాదనో సభాపతి భావిస్తే దాన్ని ఆమోదించకూడదు. బెదిరించి సంతకాలు పెట్టించుకునే పద్ధతికి అడ్డుకట్ట వేయడం దాని ఉద్దేశం. కానీ ఎన్ని రోజుల్లో తేల్చాలో ఆ సవరణ చెప్పలేదు. గడువు లేని అధికారం ఎవరి చేతిలో ఉన్నా ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు.

గంటా శ్రీనివాసరావు ఉదాహరణే తీసుకోండి. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా 2021 ఫిబ్రవరిలో విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. అప్పటి స్పీకర్ తమ్మినేని సీతారాం దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో. దాదాపు మూడేళ్లు ఆ కాగితం కదలలేదు. కదిలింది రాజ్యసభ ఎన్నికలు వచ్చినప్పుడు. ఫిబ్రవరిలో మూడు సీట్లకు ఎన్నిక. 175 మంది ఓటు వేసే సభలో ఒక్కో సీటుకు 44 ఓట్లు కావాలి. ఆ సమయంలో టీడీపీ బలంలోంచి ఒక ఓటు తగ్గింది. మూడేళ్ల కింద ఇచ్చిన రాజీనామా ఆ వారమే గుర్తుకు రావడాన్ని యాదృచ్ఛికం అనుకునేవాళ్లు తక్కువ. పదవి పోయిందని గంటాకు పెద్ద నష్టమేమీ జరగలేదు. కొన్ని నెలలకే భీమిలి నుంచి గెలిచి అదే సభకు తిరిగొచ్చారు.

ఆలస్యం ఓటును తీసేస్తుంది, ఉప ఎన్నికను కూడా తప్పిస్తుంది. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్ 6న వైసీపీ లోక్‌సభ సభ్యులు అయిదుగురు రాజీనామా చేశారు. స్పీకర్ సుమిత్రా మహాజన్ ఆమోదం జూన్‌లో గానీ రాలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్ ప్రకారం ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలి. కానీ మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువైతే ఆ నియమం వర్తించదు. 16వ లోక్‌సభ గడువు 2019 జూన్ 3. ఆమోదం జూన్ మూడో వారంలో రావడంతో మిగిలింది ఏడాదికి కొద్ది రోజులు తక్కువ. ఉప ఎన్నిక లేదు. అదే సంవత్సరం కర్ణాటకలో మే నెలలో ఖాళీ అయిన బళ్లారి, శివమొగ్గ, మండ్య స్థానాలకు నవంబరు 3న పోలింగ్ జరిగింది. రెండు రాష్ట్రాల మధ్య తేడా నెల రోజుల ఆమోదం, అంతే. హోదా మీద జనం తీర్పు కోరతామన్న మాట అలా గాలికి పోయింది. ఆ రాజీనామాల వెనక త్యాగం ఎంత, లెక్క ఎంత అని రెండు పార్టీలూ చాలాకాలం వాదించుకున్నాయి. ఆ వాదనకు అవసరమైన తేదీలన్నీ పైనే ఉన్నాయి.

సామూహిక రాజీనామాల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 2010 ఫిబ్రవరిలో తెలంగాణ కోసం 12 మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేస్తే ఆమోదించారు. జులైలో ఉప ఎన్నికలు జరిగి 11 టీఆర్‌ఎస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చాయి. ఏడాది తిరిగాక, 2011 జులైలో, పార్టీలకు అతీతంగా పదుల సంఖ్యలో రాజీనామాలు వచ్చిపడ్డాయి. వాటిని భావోద్వేగంలో చేసినవంటూ స్పీకర్ నాదెండ్ల మనోహర్ తిరస్కరించారు. మొదటిసారి భావోద్వేగం తక్కువా? కాదు. రెండోసారి ఆమోదిస్తే ప్రభుత్వమే నిలబడదు.

2024 ఓటమి తర్వాత వైసీపీని వీడిన ఎమ్మెల్సీల లేఖలు కూడా శాసనమండలి ఛైర్మన్ దగ్గర నెలల తరబడి ఉండిపోయాయి. ఆమోదిస్తే ఎమ్మెల్యేల కోటా సీట్లు ఎవరికి వెళతాయో అందరికీ తెలుసు. అలాంటిచోట విజయసాయి రెడ్డి లేఖకు ఒక్కరోజులో ఆమోదం రావడం విశేషం అనిపిస్తుంది గానీ, నిబంధనల్లోనే దానికి దారి ఉంది. స్వయంగా వచ్చి, ఛైర్మన్ చేతికి ఇచ్చి, ఇష్టపూర్వకమేనని నోటితో చెబితే వెంటనే ఆమోదించే వీలుంది. తపాలాలోనో ఇంకొకరి చేతో పంపితే విచారణకు దారి తెరుచుకుంటుంది. త్వరగా బయటపడాలనుకున్నవాళ్లు ఢిల్లీ విమానం ఎక్కేది ఇందుకే. ఆమోదం వచ్చేలోపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. వచ్చాక ఎవరి మనసు మారినా లాభం లేదు.

ఒక్కొక్కరే ఎందుకు వదిలారు

2024 మధ్యనాటికి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 11 రాజ్యసభ సీట్లూ వైసీపీవే. అసెంబ్లీలో మాత్రం 175లో కూటమికి 164 (టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8), వైసీపీకి 11. ఒకే పార్టీకి రెండు సభల్లోనూ పదకొండే. ఒకచోట అది నూటికి నూరు, ఇంకోచోట గుర్తింపు పొందిన ప్రతిపక్ష హోదాకు కూడా చాలని సంఖ్య. ఈ రెండు పదకొండ్ల మధ్య దూరమే తర్వాతి రాజీనామాలన్నిటినీ నడిపింది.

పార్టీ మారాలనుకునే రాజ్యసభ సభ్యుడికి రెండు దారులున్నాయి. ఒకటి విలీనం. రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం సభాపక్షంలో మూడింట రెండొంతుల మంది కలిసి వెళితే సభ్యత్వం పోదు. 2019 జూన్‌లో టీడీపీకి ఉన్న ఆరుగురిలో నలుగురు, అంటే సుజనా చౌదరి, సి.ఎం. రమేష్, టి.జి. వెంకటేష్, గరికపాటి మోహనరావు, ఆ దారిన బీజేపీలోకి వెళ్లారు. ఆరింట నాలుగు, సరిగ్గా సరిపోయింది. పదకొండు మంది ఉన్న పార్టీలో ఇదే పని చేయాలంటే ఎనిమిది మంది ఒక్కటవ్వాలి. ఎనిమిది మందిని కూడగట్టడం కష్టం, అందులో ఒకరు చివరి క్షణంలో వెనక్కి తగ్గితే మిగతా ఏడుగురి పదవికీ ముప్పే.

రెండో దారి రాజీనామా. పార్టీని వదిలి సీటు అట్టిపెట్టుకుంటే అనర్హత పిటిషన్ వస్తుంది. దానికి పార్టీకి రాజీనామా లేఖ ఇచ్చి ఉండాల్సిన పని కూడా లేదు. నడవడికను బట్టి పార్టీని వదులుకున్నట్టు భావించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. 2017 డిసెంబరులో శరద్ యాదవ్, అలీ అన్వర్ రాజ్యసభ సభ్యత్వం అలాగే కోల్పోయారు. అనర్హత పడినవాళ్లు మళ్లీ గెలిచేదాకా, లేదా ఆ పదవీకాలం ముగిసేదాకా మంత్రి కాలేరు. సీటు వదిలేస్తే ఆ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. ‘చాలావరకు’ అనడానికి కారణం ఉంది. రాజీనామాకు ముందే ఫిరాయించినట్టు తేలితే ఆ తర్వాత ఇచ్చిన లేఖ అనర్హతను చెరిపేయదని 2019 నవంబరులో కర్ణాటక ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పు వాళ్లను మళ్లీ పోటీ చేయనిచ్చింది. డిసెంబరు ఉప ఎన్నికల్లో 15లో 12 బీజేపీ గెలిచింది.

రాజీనామా చేసిన సీటు తిరిగి తనకే వస్తుందన్న ధీమా ఉంటే రెండో దారిలో నష్టమే లేదు. 2024 ఆగస్టులో మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, సెప్టెంబరులో ఆర్. కృష్ణయ్య వదిలారు. డిసెంబరులో మూడు ఖాళీలకూ ఎన్నిక ఏకగ్రీవం. మస్తాన్‌రావు టీడీపీ తరఫున, కృష్ణయ్య బీజేపీ తరఫున తిరిగి అదే సభకు వెళ్లారు. మూడో సీటు టీడీపీ తరఫున సానా సతీష్‌కు దక్కింది. ఖాళీలో గెలిచినవారికి మిగిలిన కాలమే వస్తుంది కాబట్టి ఈ సీట్ల బరువు ఒకటి కాదు. 2020లో ఎన్నికైన మోపిదేవి సీటుకు 2026 జూన్ దాకానే ఆయుష్షు, 2022 నాటి సీట్లకు 2028 జూన్ దాకా. ఏ సీటు ఎవరికి ఇచ్చారో చూస్తే పార్టీ ఎవరికి ఎంత రుణపడిందో కూడా కొంత తెలుస్తుంది.

ఉప ఎన్నికలో ఇంకో మెలిక ఉంది. మామూలుగా రెండేళ్లకోసారి జరిగే ఎన్నికలో నాలుగు సీట్లు ఉంటే 175ను 5తో (సీట్ల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ) భాగించి ఒకటి కలపాలి, 36 ఓట్లకు ఒక సీటు. మధ్యలో ఖాళీ అయిన సీట్లకు మాత్రం దేనికది వేరే ఎన్నిక. ఒక సీటే కాబట్టి సగం కన్నా ఒకటి ఎక్కువ, అంటే 88 ఓట్లు కావాలి. 2019లో గుజరాత్‌లో అమిత్ షా, స్మృతి ఇరానీ సీట్లకు ఒకే రోజు ఎన్నికలు పెట్టి, విడివిడిగా ఓటింగ్ జరిపినప్పుడు కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఫలితం లేకపోయింది. కలిపి పెడితే ఒకటి దక్కేది, విడగొడితే రెండూ పోయాయి. అందుకే మధ్యలో రాజీనామా చేసిన సీటు దాదాపు ఎప్పుడూ అసెంబ్లీలో పెద్ద పక్షానికే వెళుతుంది. ప్రతిపక్షానికి చెందిన సభ్యుడు ముందుగా తప్పుకోవడం అంటే, ఉద్దేశం ఏదైనా, ఆచరణలో పాలకపక్షానికి ఒక సీటు అప్పగించడమే.

విజయసాయి రెడ్డి సీటు విషయంలో ఈ లెక్క ముందురోజే తెలిసిపోయింది. 11 మంది ఎమ్మెల్యేలున్న పార్టీ నామినేషన్ వేయగలదు, ప్రతిపాదించడానికి పది మంది చాలు. గెలవడానికి మాత్రం ఇంకో 77 కావాలి. వైసీపీ పోటీ పెట్టలేదు. భీమవరానికి చెందిన బీజేపీ నేత పాకా వెంకట సత్యనారాయణ మే నెలలో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. సీటు టీడీపీకి కాక బీజేపీకి వెళ్లడం మాత్రం ముందే ఎవరూ ఖాయంగా చెప్పగలిగింది కాదు. అది కూటమిలో లోపలి బేరం. ఈ వ్యవహారంలో ఊహాగానాలకు నిజంగా చోటున్నది అక్కడే.

కేసుల కోణం

తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం వరకు ఎవరికైనా హక్కుంది. కాకినాడ సీపోర్టు షేర్ల బదలాయింపు కేసులో ఈడీ విజయసాయి రెడ్డిని జనవరి మొదట్లో ప్రశ్నించింది. అదే కేసులో మార్చిలో విజయవాడలో సీఐడీ విచారణ ముగిశాక ఆయన మీడియాతో మాట్లాడుతూ జగన్ చుట్టూ చేరిన ‘కోటరీ’ని తప్పుపట్టారు. ఏప్రిల్‌లో మద్యం కేసులో సిట్ ముందుకు వెళ్లారు. ఆరోపణలను ఆయన ఒప్పుకోలేదు, కేసుల సంగతి కోర్టులు తేల్చాలి. సీటు వదిలినంత మాత్రాన ఏ కేసూ చట్టప్రకారం మాయమవదు, ఉన్నంత మాత్రాన ఆగదు. సభ జరిగే రోజుల్లో సివిల్ వ్యవహారాల్లో అరెస్టు నుంచి ఎంపీకి కొంత రక్షణ ఉంది, క్రిమినల్ కేసులకు అది వర్తించదు. కాబట్టి ‘కేసుల కోసమే’ అన్న వాదన చేసేవారు, సీటు వదిలితే ఆ కేసులో ఏం మారుతుందో కూడా చెప్పాలి. ఆ ముక్క చెప్పేవాళ్లు కనబడరు.

వదిలినవాళ్లు ఏమయ్యారు

భవిష్యత్తు గురించి జోస్యం చెప్పేముందు ఇటీవలి చరిత్ర తిరగేయడం మేలు. 2021 మేలో మంత్రివర్గం నుంచి తొలగించిన ఈటల రాజేందర్ జూన్ 12న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. అదే రోజు ఆమోదం, 14న బీజేపీలో చేరిక. కొవిడ్ వల్ల ఉప ఎన్నిక అక్టోబరు 30 దాకా జరగలేదు. ఈలోగా హుజూరాబాద్‌లో దళితబంధు మొదలైంది, కుటుంబానికి రూ.10 లక్షలు. అయినా 23,855 ఓట్ల తేడాతో గెలిచారు. రెండేళ్లకు అదే హుజూరాబాద్‌లోనూ, గజ్వేల్‌లోనూ ఓడిపోయారు. 2024లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు. మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డిది తిరగబడిన కథ. 2022 ఆగస్టులో కాంగ్రెస్‌నీ సీటునూ వదిలి బీజేపీ తరఫున పోటీ చేసి నవంబరులో 10,309 ఓట్లతో ఓడారు. ఏడాది గడవకముందే, 2023 అక్టోబరులో, తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి అదే మునుగోడు గెలిచారు. సొంత ఓటు ఉన్నవాడికి రాజీనామా ఒక మలుపు మాత్రమే అని ఈ ఇద్దరూ చూపించారు. పార్టీ గుర్తు మారినా మనిషిని చూసి ఓటు వేసే ఊళ్లు వాళ్లకున్నాయి.

సొంత ఓటు అంతగా లేనివాళ్లకు దారి ఇరుకు. 2014 ఫిబ్రవరి 19న ముఖ్యమంత్రి పదవినే వదిలిన కిరణ్ కుమార్ రెడ్డి కొత్త పార్టీ పెట్టారు, తాను పోటీ చేయలేదు. 2018లో కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చారు. 2023లో బీజేపీలో చేరారు, 2024లో రాజంపేటలో ఓడారు. రాష్ట్ర విభజన జరిగితే రాజకీయాలు వదిలేస్తానన్న లగడపాటి రాజగోపాల్ మాత్రం వదిలేశారు. తర్వాత సర్వేలతోనే వార్తల్లోకి వచ్చారు, అవి తప్పడంతో అదీ పోయింది. ‘రాజకీయ సన్యాసం’ అన్న మాట వందమంది అంటే నిలబెట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆయన్ను ఆ లెక్కలో వేయాలి.

విజయసాయి రెడ్డిని ఈ వరసల్లో ఎక్కడ పెట్టాలి? వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. 2016లోనూ 2022లోనూ ఎమ్మెల్యేల బలంతో ఏకగ్రీవంగా రాజ్యసభకు వెళ్లారు. 2024లో నెల్లూరు లోక్‌సభకు పోటీ చేస్తే వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఈటలకు హుజూరాబాద్ లాగా, రాజగోపాల్‌కు మునుగోడు లాగా ఆయనకు నియోజకవర్గం లేదు. ఆయన బలం పార్టీ కార్యాలయంలో, ఢిల్లీలో, వ్యూహంలో ఉంది. అలాంటి బలం ఏదో ఒక పార్టీ తీసుకుంటేనే పనికొస్తుంది. కూటమిలో టీడీపీ కార్యకర్త ఆయన్ను తమవాడిగా భావించడం ఊహించడం కష్టం, పదేళ్లుగా ఎక్స్‌లో జరిగిన మాటల యుద్ధం అంత తేలిగ్గా మరిచిపోయేది కాదు. బీజేపీకి ఆ అడ్డు తక్కువ. అందుకే ఊహలన్నీ అటే పోయాయి. రాజీనామా చేసినవాడిని మళ్లీ రాకుండా ఆపే చట్టం ఏదీ లేదు, ‘ఏ పార్టీలోనూ చేరను’ అన్న వాక్యానికీ చట్టంలో బరువు లేదు.

రాజ్యసభ దారిన చూస్తే ఆంధ్రప్రదేశ్ సీట్ల వరస ఇలా ఉంది: 2026 జూన్‌లో నాలుగు, 2028 జూన్‌లో నాలుగు, మిగతా మూడు 2030లో. ఒక్కోదానికి 36 ఓట్లు కాబట్టి ఆ పేరు 164 మంది ఉన్న వైపు నుంచే రావాలి. అది తేలేది స్టూడియోలో కాదు, రిటర్నింగ్ అధికారి గదిలో. రాజ్యసభ అభ్యర్థికి పార్టీ ఇచ్చే కాగితాలను ఫారం ఏఏ, ఫారం బీబీ అంటారు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అవి అందాలి. దాంట్లో ఎవరి పేరుందో చూసుకున్నాక వ్యవసాయం సంగతి మాట్లాడుకోవచ్చు.